ఒక్క సెమిస్టర్ కోసం డ్రెస్డెన్‌కి
(ఇంజినీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థులతో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఇందాక నన్ను పరిచయం చేస్తూ ‘జర్మనీలో చదివొచ్చారు’ అన్నారు. అంత లేదండీ. నేను జర్మనీలోని డ్రెస్డెన్ నగరానికి వెళ్లింది ఒక్క సెమిస్టర్‌కి, ఎక్స్ఛేంజ్ మీద. డిగ్రీ ఇక్కడిదే. ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే మన ఇళ్లల్లో విదేశీ చదువు అంటే ఎం.ఎస్., ఎం.ఎస్. అంటే బ్యాంకు లోను, లోను అంటే అక్కడే ఉద్యోగం. ఎక్స్ఛేంజ్‌కీ దానికీ పొంతన లేదు. రెండు యూనివర్సిటీల మధ్య ఒప్పందం ఉంటుంది. ఫీజు మీ కాలేజీలోనే కడతారు, అక్కడ ట్యూషన్ ఫీజు అడగరు. అక్కడ పాసైన సబ్జెక్టులు ఇక్కడి మార్కుల మెమోలో ఎక్కుతాయి. తిరుగు టికెట్ కొనుక్కునే విమానం ఎక్కుతారు.

యూరప్‌లో ఇది మామూలు విషయం. విద్యార్థుల్ని ఇలా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పంపే ఎరాస్మస్ పథకం 1987లో 11 దేశాల మధ్య, 3,244 మంది విద్యార్థులతో మొదలైంది. ఇప్పుడు అక్కడ డిగ్రీ మధ్యలో ఒక సెమిస్టర్ పక్క దేశంలో చదవడాన్ని ఎవరూ వింతగా చూడరు. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి కూడా 1998 నుంచి విదేశీ విద్యార్థులు సెమిస్టర్ చదువుకి వస్తున్నారు. వీలైతే గచ్చిబౌలి వెళ్లి వాళ్లలో ఒకరితో కాసేపు మాట్లాడండి. హాస్టల్ భోజనం, షేర్ ఆటో, బ్యాంకు కౌంటర్ వీటి గురించి వాళ్లు చెప్పే కష్టాలు వింటే, అక్కడికెళ్లాక మన పరిస్థితి ఏమిటో సగం అర్థమవుతుంది.

ఇక అసలు తలనొప్పి క్యాలెండర్. వీసా గురించి అందరూ టెన్షన్ పడతారు, దీని గురించి ఎవరూ పట్టించుకోరు. జర్మనీలో శీతాకాలం సెమిస్టర్ అక్టోబరులో మొదలై, క్లాసులు ఫిబ్రవరి దాకా నడుస్తాయి. ఆ తర్వాత పరీక్షలు. కొన్ని మార్చిలో కూడా జరుగుతాయి. మన సెమిస్టర్లేమో జులైలో ఒకటి, డిసెంబరు, జనవరుల్లో ఇంకొకటి మొదలవుతాయి. అంటే శీతాకాలానికి వెళ్లినవాళ్లు ఇక్కడ ఒక సెమిస్టర్ సగంలో వదిలేసి, ఇంకో సెమిస్టర్ సగంలో వచ్చిపడతారు. ఏడో సెమిస్టర్‌లో అలా వెళ్తే ప్లేస్‌మెంట్ల సీజన్ చేజారినట్టే. అందుకే నా మాట వింటే, మూడో సంవత్సరం రెండో సెమిస్టర్‌లో, వాళ్ల వేసవి సెమిస్టర్‌కి వెళ్లండి. అక్కడ క్లాసులు ఏప్రిల్‌లో మొదలై జులైలో అయిపోతాయి. పరీక్షలు రాసుకుని, మామూలుగా ఆగస్టులో ఇంటికి రావొచ్చు. కాకపోతే జనవరి నుంచి మార్చి దాకా ఏం చేస్తారన్నది మీ హెచ్‌ఓడీ గారితో కూర్చుని తేల్చుకోవాలి. మినీ ప్రాజెక్టో, ఇంటర్న్‌షిప్పో పెట్టుకోవచ్చు.

అలాగే క్రెడిట్లు. వాళ్ల లెక్కలో సెమిస్టర్‌కి 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని. మన క్రెడిట్ వేరు. అక్కడి ఏ సబ్జెక్టు ఇక్కడి ఏ సబ్జెక్టుకి బదులుగా ఒప్పుకుంటారో కాగితం మీద రాయించి, సంతకం, ముద్ర వేయించుకుని వెళ్లండి. ‘వచ్చాక చూద్దాంలే బాబూ’ అంటే ఊరుకోవద్దు. మీరు తిరిగొచ్చేసరికి ఆ మాటన్న సారు బదిలీ అయిపోయి ఉండొచ్చు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. స్కాలర్‌షిప్ లేకపోతే వీసాకి బ్లాక్డ్ అకౌంట్, అంటే ఖర్చులకి డబ్బు ముందే వేసి ఉంచే ఖాతా, చూపించాలి. 2024 సెప్టెంబరులో పెట్టిన లెక్క నెలకు 992 యూరోలు. ఈ అంకె మారుతూ ఉంటుంది కాబట్టి అప్లై చేసే ముందు సరిచూసుకోండి. ఆ డబ్బు మీదే, అక్కడికెళ్లాక నెలనెలా మీ ఖాతాలోకి వస్తుంది. దిగిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో అడ్రస్ నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటి ఓనరో, హాస్టలో ఇచ్చే ధ్రువీకరణ కాగితం కావాలి. ఆదివారం కిరాణా కొట్లు తెరవరు. శనివారమే సరుకులు తెచ్చుకోండి.

డ్రెస్డెన్‌లో మా హాస్టల్లో అంతస్తు మొత్తానికి వంటగది ఒకటే. ఒకబ్బాయి మొదటి వారమే ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెడితే పొగ అలారం మోగింది. జనమంతా చలిలో కిందికి దిగాల్సి వచ్చింది. మర్నాటి నుంచి మనవాళ్లంతా ఒక గదిలో చేరి, రైస్ కుక్కర్ పెట్టుకుని, తెలుగు సినిమాలు చూస్తూ గడిపారు. వాళ్లను తప్పు పట్టను. డిసెంబరులో సాయంత్రం నాలుక్కే చీకటి పడిపోతుంటే తెలుగు మాట ఎంత ఊరటో అనుభవిస్తే గానీ తెలియదు. కానీ ఎం.ఎస్.కి వెళ్లినవాడికి రెండేళ్లు ఉంటాయి, మీకు ఉండేది నాలుగైదు నెలలు. తెలుగు జట్టు మీకోసం ఇక్కడ ఎలాగూ ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ వంటగదిలోనే పప్పు వండండి, కిటికీ తెరిచి వండండి, పక్కవాళ్లకి పెట్టండి. నాకు జర్మన్ నాలుగు ముక్కలు వచ్చాయంటే అది ఆ వంటగది పుణ్యమే.

చదువు విషయానికొస్తే, అక్కడ లెక్చర్లకి హాజరు పట్టీ ఉండదు. డెబ్భై అయిదు శాతం గొడవ లేదు, మిడ్స్ లేవు, ఇంటర్నల్స్ లేవు. క్లాసు అయ్యాక అందరూ వేలి కణుపులతో బల్ల మీద టకటకా కొట్టి వెళ్లిపోతారు, అదే వాళ్ల చప్పట్లు. వినడానికి స్వర్గంలా ఉంది కదా? చాలా సబ్జెక్టుల్లో చివర ఒక్క పరీక్షే ఉంటుంది, మొత్తం మార్కులు దానిమీదే. పైగా పరీక్షకి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. ఆ గడువు దాటితే సెమిస్టర్ అంతా చదివినా పరీక్ష రాయనివ్వరు.

నాకు ఒక సబ్జెక్టులో పరీక్ష నోటితో. ప్రొఫెసర్ గది, ఒక బల్ల, దాని మీద తెల్ల కాగితాలు, పెన్ను. ఎదురుగా ప్రొఫెసర్. పక్కన ఇంకొకాయన కూర్చుని అడిగిందీ, చెప్పిందీ అంతా రాసుకుంటున్నాడు. రూల్ ప్రకారం అలా ఒకరు ఉండాలి. మొదటి ప్రశ్నకి నేను పుస్తకంలోని నిర్వచనం అప్పజెప్పాను. ఆయన తలూపి, కాగితం నా వైపు జరిపి, ‘దీన్ని గీయండి’ అన్నారు. గీశాను. ‘ఇక్కడ భారం రెట్టింపు చేస్తే ముందు ఏది విరుగుతుంది?’ అన్నారు. అది పుస్తకంలో లేదు. గట్టిగా ఆలోచించడం మొదలుపెట్టాను, అంటే పైకి మాట్లాడుతూ ఆలోచించడం. సగం దారిలో నేనన్నది తప్పని నాకే తెలిసి, వెనక్కి వెళ్లి సరిచేసుకున్నాను. ఆయన అడ్డు తగల్లేదు. తర్వాత కాసేపు బయట నిలబెట్టి, లోపలికి పిలిచి 1.7 అన్నారు. వాళ్ల దగ్గర 1.0 అన్నిటికన్నా మంచి గ్రేడు, 4.0 దాకా పాస్, 5.0 ఫెయిల్. ఆ రాత్రి ఫోన్‌లో నాన్నకి చెబితే, ‘ఎంతకి?’ అని అడిగారు. నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎక్స్ఛేంజ్‌లో నాకు దక్కిన చదువేదంటే ఆ గదిలో జరిగిందే అంటాను. అందుకే మీ లిస్టులో అలాంటి పరీక్ష ఉన్న సబ్జెక్టు ఒక్కటైనా పెట్టుకోండి, భయమేసినా సరే.

ఊరి గురించి కూడా కొంచెం చెప్పాలి. 1945 ఫిబ్రవరి 13 రాత్రి మొదలైన బాంబుదాడిలో డ్రెస్డెన్ నడిబొడ్డు నేలమట్టమైంది. దాదాపు 25,000 మంది చనిపోయారని చరిత్రకారుల సంఘం 2010లో తేల్చింది. కూలిన ఫ్రావెన్‌కిర్ఖె చర్చిని దశాబ్దాల పాటు రాళ్లగుట్టగానే ఉంచి, చివరికి 2005లో తిరిగి నిలబెట్టారు. నల్లబడ్డ పాత రాళ్లు కొత్త గోడలో ఇప్పటికీ మచ్చల్లా కనిపిస్తాయి. ఏటా ఆ తేదీని నియో నాజీలు, అంటే హిట్లర్ భావాలను ఇప్పటికీ నమ్మేవాళ్లు, తమ ప్రచారానికి వాడుకోవడం మొదలుపెట్టారు. దాన్ని అడ్డుకోవడానికి 2010 నుంచి ఊరి జనం మానవహారం కడుతున్నారు. సరిగ్గా పరీక్షల సమయం. మా అంతస్తులోని అమ్మాయి పుస్తకం మూయించి మరీ లాక్కెళ్లింది. నా కుడిచేయి పట్టుకున్న పెద్దావిడ నన్ను ఏ దేశమని అడగలేదు, చేతి తొడుగు వేసుకోలేదేమని కసిరింది. అదే ఊళ్లో 2014 నుంచి వలసదారులకి వ్యతిరేకంగా సోమవారాల్లో ఊరేగింపులు కూడా జరిగాయి. అమ్మానాన్నలు ‘అక్కడ భద్రమేనా?’ అని అడిగితే రెండూ చెప్పండి. ఊరేగింపు ఉన్న సాయంత్రం ఆ వైపు వెళ్లకుండా ఉండటం తెలివైన పనే, దాన్ని పిరికితనం అనుకోనక్కర్లేదు.

తిరిగొచ్చాక అక్కడి ట్రాన్స్‌క్రిప్ట్, అంటే వాళ్ల మార్కుల పత్రం, చేతికందడానికి వారాలు పట్టొచ్చు. ఆలోపు మీ మెమోలో ఆ సెమిస్టర్ ఖాళీగా కనిపిస్తుంది. కంపెనీలు అడిగితే చూపించడానికి కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తీసి పెట్టుకోండి, ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

నేను చెప్పాల్సింది ఇంతే. ఇక ప్రశ్నలు అడగండి. క్యాలెండర్ గురించి అడిగేవాళ్లకి మొదటి అవకాశం.