నిజ నేరాల పుస్తకాన్ని పెన్సిల్ పట్టుకుని చదవడం ఎలా?

నమస్తే. ఈ వీడియోకి మీకు రెండే కావాలి. ఒక పెన్సిల్, నిజంగా జరిగిన నేరం గురించి ఎవరైనా జర్నలిస్టు రాసిన ఒక పుస్తకం. పుస్తకం మీద గీతలు గీయడం పాపం అనుకునేవాళ్లు అంటించే స్లిప్పులు తెచ్చుకోండి. నేనైతే గీసేస్తాను.

ముందు ఒక చిన్న పేరా చదువుతాను, స్క్రీన్ మీద కూడా కనిపిస్తుంది. ఇది ఏ పుస్తకంలోదీ కాదు, ఈ పాఠం కోసం నేనే రాశాను.

"రాత్రి పదకొండింటికి అతను లైటు ఆర్పాడు. పొద్దున భార్యతో పడ్డ గొడవ ఇంకా మనసులో మెదులుతూనే ఉంది. బయట ఎక్కడో కుక్క రెండుసార్లు మొరిగింది. తలుపు గడియ వేయలేదన్న సంగతి అతనికి గుర్తు రాలేదు."

చదువుతుంటే ఆ గదిలోకి వెళ్లిపోతాం కదా? ఇప్పుడు ఇంకో ముక్క చెప్తాను. ఆ రాత్రి ఇంట్లో అతనొక్కడే ఉన్నాడు, తెల్లారేసరికి హత్యకు గురయ్యాడు. మరి ఇవన్నీ రచయితకి ఎవరు చెప్పారు?

ఇవాళ్టి పాఠమంతా ఈ ప్రశ్నే. ప్రతి వాక్యం పక్కనా ఒక అక్షరం రాయండి. రచయిత తన కళ్లతో చూసిందైతే 'చూ'. ఎవరో చెబితే విన్నదైతే 'వి'. కోర్టు రికార్డు, పోస్ట్‌మార్టం రిపోర్టు, ఉత్తరం లాంటి కాగితాల్లో దొరికిందైతే 'కా'. వీటిలో ఏదీ కాదా, అయితే 'ఊ'. ఊహ అన్నమాట.

మన పేరాకి వేసి చూద్దాం. లైటు సంగతి ఎదురింటివాళ్లు చెప్పి ఉండొచ్చు. 'వి' అని రాసేయబోతాం. ఒక్క నిమిషం ఆగండి. ఎదురింటివాళ్లు చూసింది కిటికీలో వెలుతురు పోవడం. ఆర్పింది అతనే అని వాళ్లకెలా తెలుసు? అపరాధ పరిశోధన నవలలో డిటెక్టివ్ పట్టుకునేది సరిగ్గా ఇలాంటి సందునే. అందుకే నవలలు బాగా చదివినవాళ్లకి ఈ పని తొందరగా అలవాటవుతుంది. కుక్క అరుపు 'వి', దాంతో పేచీ లేదు. గొడవ జరిగిందని భార్య చెప్పి ఉంటుంది, అదీ 'వి'. అది మనసులో మెదలడం మాత్రం పచ్చి 'ఊ'. ఇక గడియ. తలుపు తీసి ఉందని పోలీసు రికార్డులో ఉండొచ్చు, అది 'కా'. కానీ అతను మర్చిపోయాడా, కావాలనే ఎవరికోసమైనా తీసి ఉంచాడా? 'గుర్తు రాలేదు' అన్న రెండు మాటలతో రచయిత ఆ రెండో దారి మూసేశాడు. మనం గమనించను కూడా లేదు.

'ఊ' పడినంత మాత్రాన రచయిత అబద్ధాలకోరు అయిపోడు. అది ఊహ అని మనకి తెలిసేలా రాశాడా లేదా అన్నదే చూడాలి. అమెరికా రచయిత ట్రూమన్ కపోటీ సంగతే తీసుకోండి. 1959 నవంబరులో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, హోల్కమ్ అనే ఊళ్లో ఒకే కుటుంబంలో నలుగురు హత్యకు గురయ్యారు. న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన చిన్న వార్త చూసి కపోటీ అక్కడికి వెళ్లాడు. ఏళ్ల తరబడి పనిచేసి రాసిన 'ఇన్ కోల్డ్ బ్లడ్' 1965లో ది న్యూయార్కర్ పత్రికలో సీరియల్‌గా, మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చింది. ఇంటర్వ్యూలప్పుడు నోట్స్ రాసుకోలేదని, టేపు రికార్డరు వాడలేదని, అయినా అంతా నిజమేనని చెప్పుకున్నాడు. తీరా చూస్తే చివరి దృశ్యమే జరగలేదు. శ్మశానంలో డిటెక్టివ్‌కి, చనిపోయిన అమ్మాయి స్నేహితురాలు ఎదురయ్యే ఘట్టం అది. హంతకుల ఉరిశిక్షతో పుస్తకం ముగించడం ఇష్టంలేక దాన్ని కల్పించాడు. నాకు ఆ పుస్తకం ఇప్పటికీ ఇష్టమే. ఆ చివరి పేజీలు మాత్రం నవల చదివినట్టు చదువుతాను.

దీనికి తలకిందుల పని అమెరికా కథారచయిత ఎడ్గార్ అలన్ పో చేశాడు. 1841లో న్యూయార్క్‌లో పొగాకు దుకాణంలో పనిచేసిన మేరీ రోజర్స్ అనే అమ్మాయి శవం హడ్సన్ నదిలో దొరికింది. పో ఆ కేసుని పారిస్‌కి మార్చి, పేర్లు మార్చి, డిటెక్టివ్ కథగా రాశాడు. సంఘటన జరిగిన చోటికి దూరంగా కూర్చుని, కేవలం వార్తాపత్రికలు ముందేసుకుని రాశానని తర్వాత తనే ఒప్పుకున్నాడు. అంటే ఆ కథకి మన అక్షరాలు వేస్తే 'కా', 'ఊ' తప్ప ఇంకేమీ ఉండవు. కథ పత్రికలో వస్తుండగానే అసలు కేసులో కొత్త కబురు బయటపడింది. పో తర్వాత పుస్తకంలో వేసుకునేటప్పుడు దానికి తగ్గట్టు కొన్నిచోట్ల మార్పులు చేశాడు. అసలు కేసు మాత్రం ఎప్పటికీ తేలలేదు.

'వి' అని రాసినచోట ఇంకో ప్రశ్న ఉంటుంది. చెప్పిన మనిషికీ రచయితకీ మధ్య ఏం నడుస్తోంది? భార్యనీ ఇద్దరు కూతుళ్లనీ చంపాడన్న కేసులో నిందితుడు జెఫ్రీ మెక్‌డొనాల్డ్. అతని తరఫు లాయర్ల బృందంతోనే జో మెగిన్నిస్ అనే అమెరికా రచయిత కలిసి ఉన్నాడు. పుస్తకం మీద వచ్చే డబ్బులో వాటా ఇస్తానని ఒప్పందం కూడా ఉంది. 1979లో శిక్ష పడ్డాక కూడా స్నేహంగా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. 1983లో పుస్తకం వచ్చింది. అందులో మెక్‌డొనాల్డ్ హంతకుడే. అతను జైల్లోంచే రచయిత మీద దావా వేశాడు. జ్యూరీ తేల్చలేకపోయింది, చివరికి 3,25,000 డాలర్లకి రాజీ కుదిరింది. ఈ గొడవ మీద జానెట్ మాల్కమ్ అనే అమెరికా జర్నలిస్టు రాసిన 'ది జర్నలిస్ట్ అండ్ ద మర్డరర్' సన్నటి పుస్తకం, రెండు రోజుల్లో అయిపోతుంది. విలేఖరి అవ్వాలనుకునేవాళ్లకి చదువుతుంటే కాస్త ఒళ్లు మండుతుంది, అయినా చదవండి. అన్నట్టు, అంతకుముందు రాసిన ఇంకో పుస్తకంలో తన మాటలు మార్చిందని మాల్కమ్ మీద కూడా ఒకాయన కేసు వేశాడు. అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, మళ్లీ కింది కోర్టుకే వచ్చింది. చివరికి జ్యూరీ ముందు ఆవిడే గెలిచింది.

ఇంకో చిట్కా: మొదటి అధ్యాయం కంటే ముందు పుస్తకం వెనక పేజీలు తిప్పండి. ఏ సంగతి ఎక్కడ దొరికిందో అక్కడ రాసి ఉంటే సగం అక్షరాలు రచయితే వేసిచ్చినట్టు.

చివరగా, 'కా' పడిందని నిశ్చింతగా ఉండకండి. 1888లో లండన్ హత్యల సమయంలో ఒక వార్తా సంస్థకి ఎర్ర సిరాతో రాసిన ఉత్తరం వచ్చింది. కింద సంతకం 'జాక్ ది రిప్పర్'. సినిమాలు, నవలలు, కామిక్స్ అన్నీ వాడుకున్న పేరు అక్కడ పుట్టిందే. ఆ ఉత్తరం రాసింది హంతకుడు కాదు, ఒక విలేఖరి అని అప్పటి పోలీసు అధికారులు కొందరు నమ్మారు. ఆ కేసు మీద నా దగ్గరున్న పుస్తకానికి మొదటి అక్షరం అట్ట మీదే వేయాల్సి వచ్చింది. పేరు పక్కన 'కా' అని రాసి, దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నాను.