చీపురు రాకెట్ చేద్దాం రండి, కానీ దయచేసి అడుగున బరువు పెట్టమని మాత్రం చెప్పకండి

నమస్తే అండి, ఇవాళ నా చేతిలో ఉన్నది చీపురు. నిజంగానే చీపురు, కొబ్బరి ఈనెలది. వీడియో అయిపోయేలోపు ఇది ఎగురుతుంది, అది కూడా పిడి ముందుకి పెట్టుకుని, ఈనెలు వెనక్కి విరబోసుకుని, నీళ్ళ రాకెట్ లాగా.

కానీ అంతకంటే ముందు ఒక మాట తేల్చుకోవాలి, ఎందుకంటే ఇది నన్ను నాలుగేళ్ళ నుంచి తినేస్తోంది. నేను ఏ వింత ఆకారం రాకెట్ చేసినా చూసినవాళ్ళు చెప్పే మొదటి సలహా ఒకటే, "కింద కొంచెం బరువు పెట్టు, నిటారుగా వెళ్తుంది." మా బాబాయ్ చెప్తాడు, పంచర్ షాపు ఆయన చెప్తాడు, ఇంజినీరింగ్ చదివిన ఫ్రెండ్ కూడా చెప్పాడు. అది తప్పు. చిన్న తప్పు కూడా కాదు, పూర్తిగా తలకిందుల తప్పు, అలా చేస్తే ఆ రాకెట్ తిరిగొచ్చి మన మీదే పడుతుంది.

ఎందుకో చెప్పడానికి నాకు తారాజువ్వ కంటే మంచి ఉదాహరణ దొరకలేదు, ఈ వీడియో అంతా దాన్నే పట్టుకుని నడుస్తాను. జువ్వకి ఒక పొడుగు పుల్ల ఉంటుంది కదా, దీపావళికి ఎప్పుడైనా ఆ పుల్ల విరిగిపోయిన జువ్వ వెలిగించడం చూశారా? చూసుంటే మర్చిపోరు. అది పైకి వెళ్ళదు, పాము లాగా మెలికలు తిరిగి, అరుగు మీద కూర్చున్న వాళ్ళ వెంట పడి, గోడకి కొట్టుకుని పేలుతుంది. మందు అదే, గొట్టం అదే, పోయింది పుల్ల ఒక్కటే. మరి ఆ పుల్ల చేస్తున్న పని ఏంటి?

చాలామంది అనుకునేది ఏంటంటే పుల్ల అడుగున బరువుగా ఉండి జువ్వని నిటారుగా నిలబెడుతుందని. కాదండి. బరువే కావాలంటే పుల్ల తీసేసి అంతే బరువున్న మేకు ఒకటి గొట్టం అడుగున కట్టండి (కట్టకండి, ఊరికే ఊహించుకోండి). అస్సలు పని చేయదు. పుల్ల పని గాలిని పట్టుకోవడం. జువ్వ ఒక పక్కకి ఒరిగిందనుకోండి, ఎదురుగాలి ఆ పొడుగు పుల్లకి అడ్డంగా తగులుతుంది, తగిలి తోకని వెనక్కి నెడుతుంది, తోక వెనక్కి వస్తే ముక్కు మళ్ళీ ముందుకి తిరుగుతుంది. అంతే రహస్యం.

కాబట్టి ప్రతి రాకెట్‌కీ రెండు పాయింట్లు ఉంటాయి. ఒకటి తూకం పాయింట్, అంటే వేలి మీద నిలబెడితే ఎక్కడ సరిగ్గా ఆగుతుందో అది. రెండోది గాలి పాయింట్, అంటే పక్క నుంచి తగిలే గాలి దెబ్బలన్నీ కలిపితే ఎక్కడ తగిలినట్టు లెక్కో అది. తూకం పాయింట్ ముందు ఉండాలి, గాలి పాయింట్ వెనక ఉండాలి. జువ్వలో మందు గొట్టం బరువు, అది ముందుంది, పుల్ల తేలిక కానీ పొడుగు, అది వెనక ఉంది. ఇంక అడుగున బరువు పెట్టారంటే తూకం పాయింట్ వెనక్కి జరిగిపోతుంది. పుల్ల విరిచేసినదానికీ దానికీ తేడా ఉండదు.

ఇక్కడ మా బాబాయ్ అడిగే ప్రశ్న, "మరి ఉయ్యాల కింద బరువుంటే నిటారుగా వేలాడుతుంది కదరా?" వేలాడుతుంది బాబాయ్, ఉయ్యాలకి పైన దూలం ఉంది కాబట్టి. రాకెట్‌కి దూలం ఎక్కడుంది? రాకెట్‌ని లాగే శక్తి రాకెట్ ఒంటికే బిగించి ఉంది, రాకెట్ వంగితే అది కూడా వంగుతుంది, పైకి లాగాల్సింది పక్కకి లాగుతుంది. భూమి ఆకర్షణేమో సరిగ్గా తూకం పాయింట్ దగ్గరే పట్టుకుంటుంది కాబట్టి దాన్ని కిందకి లాగుతుందే కానీ తిప్పి నిటారు చేయలేదు.

ఈ పొరపాటు మామూలువాళ్ళది మాత్రమే కాదు, అందుకే నాకు దీని మీద ఇంత ఇష్టం. రాబర్ట్ గాడర్డ్, ద్రవ ఇంధనంతో ప్రపంచంలో మొదటి రాకెట్ ఎగరేసిన మనిషి, 1926 మార్చి 16న అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం ఆబర్న్‌లో, ఆయన రాకెట్ ఫోటో ఒకసారి వెతికి చూడండి. ఇంజిన్ పైన ఉంటుంది, ట్యాంకులు కింద! పై నుంచి లాగితే నిటారుగా ఉంటుందని ఆలోచన. అది రెండున్నర సెకన్లు ఎగిరి, 41 అడుగుల ఎత్తుకెళ్ళి, 184 అడుగుల దూరంలో క్యాబేజీ తోటలో పడింది. ఇంజిన్ పైన పెట్టడం వల్ల స్థిరత్వం ఏమీ రాదని తర్వాత తెలుసుకుని ఆయనే దాన్ని కిందకి మార్చేశారు. అంతటి మనిషి కూడా దూలం లేని ఉయ్యాల కట్టారు. కాబట్టి మనకి ఆ ఆలోచన రావడంలో తప్పేం లేదు, పట్టుకుని వేలాడకూడదు అంతే.

సరే, ఇప్పుడు చీపురు. చీపురే ఎందుకంటే, మామూలు రాకెట్ షేప్ చేస్తే మూడు రెక్కలు అతికించి "రెక్కలు ఉంటే ఎగురుతుంది" అనుకుని వదిలేస్తాం, పుల్ల చేసే పని కంటికి కనపడదు. చీపురులో అది కళ్ళ ముందే ఉంటుంది. ఇది గాల్లోకి విసురుతున్నా చూడండి, ఎలా తిప్పి విసిరినా కిందకొచ్చేటప్పటికి పిడి ముందు, ఈనెలు వెనక. చీపురంటే లావుపాటి జువ్వే, పుల్ల బదులు వెనక ఒక కుచ్చు ఉంది. అమెరికాలో మోడల్ రాకెట్లు చేసేవాళ్ళలో ఇలాంటి వింత ఆకారాలకి ఒక జట్టే ఉంది, వాటిని ఆడ్-రాక్స్ అంటారు, పళ్ళేలు, పిరమిడ్లు, దారపు రీళ్ళు అన్నీ ఎగరేస్తారు. వాళ్ళకి రెడీమేడ్ మోటార్లు షాపులో దొరుకుతాయి. మనకి అలా సులువుగా దొరకవు, అలాగని ఇంట్లో మందు కూరడం మాత్రం వద్దు, 1884 నుంచి ఉన్న ఎక్స్‌ప్లోజివ్స్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా అది నేరం, దానికన్నా ముందు వేళ్ళు పోతాయి. నీళ్ళూ గాలీ చాలు, నమ్మండి, సీసాలో కొంచెం నీళ్ళు పోసి పంపుతో గాలి కొట్టి వదిలితే, ఆ గాలి నీళ్ళని వెనక్కి చిమ్మి రాకెట్‌ని ముందుకి తోస్తుంది.

కావలసింది రెండు లీటర్ల కూల్ డ్రింక్ సీసాలు రెండు. గ్యాస్ ఉండే డ్రింక్‌దే అయ్యుండాలి, మంచినీళ్ళ సీసా పల్చగా ఉంటుంది, ప్రెషర్‌కి ఆగదు. ఒక చార్ట్ పేపర్, ఒక టెన్నిస్ బంతి, ముప్పై నలభై కొబ్బరి ఈనెలు, టేపు. మొదటి సీసాని మూతి కిందకి ఉండేలా పట్టుకోండి, ఇది ఇంజిన్. దీనికి ఎక్కడా చిల్లు పెట్టకూడదు, గీత కూడా పడకూడదు, వేడి గమ్ తగలకూడదు, వేడికి ఆ ప్లాస్టిక్ మెత్తబడి సరిగ్గా అక్కడే చిట్లుతుంది. రెండో సీసాని సగానికి కోసి పై సగం తీసుకుని, మూతి పైకి ఉండేలా మొదటి సీసా అడుగు మీద టోపీలా తొడిగి టేపు వేయండి. చార్ట్ పేపర్‌ని పొడుగ్గా చుట్టి ఆ మూతిలో బిగుతుగా దూర్చండి, అదే పిడి, దాదాపు 70 సెంటీమీటర్లు వస్తుంది. చివర టెన్నిస్ బంతికి ప్లస్ ఆకారంలో గాటు పెట్టి గుచ్చండి.

ఆ బంతి అందం కోసం కాదు. దాని బరువు దాదాపు 58 గ్రాములు, ఖాళీ సీసా కంటే ఎక్కువే. అంత పొడుగు పిడి కొసన అంత బరువు ఉంటే తూకం పాయింట్ బాగా ముందుకి వచ్చేస్తుంది. పైగా మెత్తగా ఉంటుంది, కింద పడేటప్పుడు ముందు నేలకి తగిలేది అదే. ఇక్కడ చెక్క పిడి కానీ ఇనప ముక్క కానీ పెట్టకండి, బతిమాలుతున్నాను.

ఇప్పుడు ఈనెలు, ఈ భాగం దగ్గర నాకు నెల రోజులు పట్టింది. మొదట పూల చీపురు వాడాను, మెత్తగా, చూడ్డానికి ఎంత బాగుందో. నేల మీద తూకం చూస్తే అద్భుతం. ఎగరేస్తే నాలుగు మీటర్లు వెళ్ళి గిరగిరా తిరిగి పడింది. మళ్ళీ చేశా, మళ్ళీ అంతే. మూడోసారి పడ్డాక చేత్తో ఎత్తితే తెలిసింది, కుచ్చు తడిసి ముద్దయిపోయింది. (క్లోజప్) ఇదిగో, పిండుతున్నా చూడండి, ఎన్ని నీళ్ళు కారుతున్నాయో. వంటింటి త్రాసు మీద పెడితే పొడిగా ఉన్నప్పుడు 62 గ్రాములు, తడిశాక 141. అంటే సీసాలోంచి చిమ్మే నీళ్ళని అది పీల్చుకుని, మా బాబాయ్ చెప్పినట్టు అడుగున బరువు తనే పెట్టేసుకుంటోంది. అందుకే కొబ్బరి ఈనెలు. ఇవి నీళ్ళు అంతగా పీల్చవు, బిరుసుగా ఉండి పరుచుకుని నిలబడతాయి, గాలిని బాగా పట్టుకుంటాయి. వీటిని సీసా కింది భాగం చుట్టూ వరసగా టేపు వేసి, గొడుగులా కాస్త బయటికి విచ్చుకునేలా కట్టండి, మూతి దగ్గర మాత్రం చెయ్యి పట్టేంత ఖాళీ వదలాలి, రాకెట్‌ని నిలబెట్టి వదిలే లాంచర్ అక్కడే వస్తుంది.

కట్టాక ఊరికే ఎగరేయకూడదు, పరీక్షలు రెండున్నాయి. మొదటిది అట్టముక్క పరీక్ష. చీపురు నీడ ఎలా ఉంటుందో అదే ఆకారం చిన్న కొలతలో అట్ట మీద గీసి కత్తిరించి, ఆ అట్ట ఎక్కడ వేలి మీద నిలుస్తుందో చూడండి, గాలి పాయింట్ సుమారుగా అక్కడుందని లెక్క. ఇది కొంచెం భయస్తుల లెక్క, అసలు గాలి పాయింట్ మామూలుగా ఇంకా వెనకే ఉంటుంది, కాబట్టి ఇందులో పాసయితే ధైర్యంగా ఉండొచ్చు. నాసాలో పనిచేసిన జేమ్స్ బారోమన్ అనే ఇంజినీర్ 1960లలో దీనికి సరైన సూత్రాలు కట్టారు, హాబీ రాకెట్లకి ఇప్పటికీ అవే వాడతారు, కానీ అవి నున్నటి గొట్టాలకీ రెక్కలకీ సరిపోతాయి, ఈనెల కుచ్చుకి కాదు, అందుకే మనకి అట్టముక్కే దిక్కు. తూకం పాయింట్ గాలి పాయింట్ కంటే కనీసం ఒక సీసా వెడల్పు, అంటే 11 సెంటీమీటర్లు ముందుండాలి.

రెండోది తాడు పరీక్ష. సరిగ్గా తూకం పాయింట్ దగ్గర తాడు కట్టి, రెండు మీటర్లు వదిలి తల చుట్టూ తిప్పండి. బంతి ముందుకి పెట్టుకుని తిరిగితే మంచిది, అడ్డదిడ్డంగా తిరిగితే పుల్ల విరిగిన జువ్వ అన్నమాట, ఈనెలు పెంచండి లేదా పిడి పొడుగు చేయండి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ పరీక్షలు ఖాళీ సీసాతో చేశాం, ఎగిరేటప్పుడు సీసాలో అర లీటరు పైన నీళ్ళు ఉంటాయి, అవి మూతి వైపు, అంటే అడుగునే ఉంటాయి! నీళ్ళ రాకెట్‌లో అడుగున బరువు మనం పెట్టకపోయినా ఉంటుంది, అందుకే బయల్దేరే ఆ క్షణమే దానికి గండం. మన అదృష్టం ఏంటంటే ఆ నీళ్ళు బయటికి వెళ్ళిపోవడానికి సెకనులో పదో వంతు పడుతుంది అంతే, బయల్దేరేటప్పుడు లాంచర్ గొట్టమే దాన్ని నిటారుగా పంపిస్తే చాలు, గొట్టం దాటేసరికి కావలసిన వేగం వచ్చేస్తుంది, ఈనెలకి గాలి తగలడం మొదలవుతుంది.

అన్నట్టు, శ్రీహరికోట నుంచి వెళ్ళే ఎల్‌వీఎం3 లాంటి పెద్ద రాకెట్లకి పుల్ల ఎక్కడుందని అడుగుతారు, అవి నాజిల్‌నే, అంటే మంట చిమ్మే మూతినే, అటూ ఇటూ కదిపి దారి దిద్దుకుంటాయి, కంప్యూటర్ నడిపిస్తుంది. దాని గురించి ఇంకో వీడియో చేస్తాను, ఇక్కడ ఎండెక్కిపోతోంది.

లాంచర్ త్వరగా చెప్పేస్తా. బయటి కొలత 21 మిల్లీమీటర్ల చిల్లర ఉండే అర అంగుళం ప్లంబింగ్ పైపు సీసా మూతిలో దాదాపు సరిగ్గా పడుతుంది, దానికి ఒక రబ్బరు రింగు, కింద సైకిల్ ట్యూబ్ వాల్వ్. సీసా మెడ దగ్గర ఉండే అంచుని పట్టుకోవడానికి చుట్టూ ఎనిమిది జిప్ టైలు, అంటే వైర్లు కట్టే ప్లాస్టిక్ పట్టీలు, వాటి మీద జారే పెద్ద పైపు ముక్క, దానికి పొడుగు తాడు. తాడు లాగితే పైపు ముక్క కిందకి జారుతుంది, జిప్ టైలు వదులవుతాయి, సీసా లేస్తుంది. నీళ్ళు మూడో వంతు, మీటరున్న పంపు, 50 పీఎస్ఐ దాటొద్దు. పది మీటర్ల దూరం, కళ్ళద్దాలు, కరెంటు తీగలు లేని చోటు, కోత అయిపోయిన పొలమైతే బెస్టు. పొద్దున్నే రండి, గాలి లేనప్పుడు, ఎందుకంటే వెనక ఇంత కుచ్చు ఉంటే చీపురు గాలికి ఎదురు తిరిగి వంగి వెళ్తుంది. ప్రెషర్ ఎక్కాక సీసా దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు, లీకైనా సరే తాడు లాగేయడమే. పారాచూట్ పెట్టలేదు, కుచ్చూ బంతీ చాలు, కానీ కింద మనుషులుండకూడదు.

సరే, బాబాయ్ పంపు కొడుతున్నాడు. ముప్పై... నలభై... నలభై ఎనిమిది, చాలు బాబాయ్, ఇటొచ్చెయ్. మూడు, రెండు, ఒకటి...

చూశారా! బంతి ముందు, ఈనెలు వెనక, ఒక్క మెలిక లేదు! అదిగో పైన తిరిగింది, ఇంకా బంతే కిందకి, వస్తోంది, వస్తోంది... గట్టు అవతల పడింది. తేవడానికి వెళ్తున్నా, కెమెరా ఆపకండి, ఈనెలు ఎన్ని ఊడాయో లెక్కపెట్టాలి.