“ఆ తల్లి ఎట్లుంది?”: ‘ట్విన్ పీక్స్’ రెండో సీజన్‌పై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. హైదరాబాద్ స్టూడియోలో ఈ వారం చర్చ ‘ట్విన్ పీక్స్’ రెండో సీజన్ మీద. లారా అనే అమ్మాయిని ఎవరు చంపారన్న ప్రశ్న చుట్టూ తిరిగే అమెరికన్ టీవీ సీరియల్ ఇది. మనతో ఒక సీరియల్ రచయిత్రి, ఒక ఎడిటర్, నల్లకుంట నుంచి వచ్చిన ఒక ప్రేక్షకురాలు ఉన్నారు. ఇంకా చూడనివాళ్ల కోసం, హంతకుడి పేరు ఎవరం చెప్పకూడదని ముందే అనుకున్నాం. మేడమ్, మీరు వారానికి ఒక్క ఎపిసోడే చూశారట?

ప్రేక్షకురాలు: అవునండీ. శనివారం రాత్రి భోజనాలయ్యాక అన్నయ్య, వదిన, నేను, అమ్మ కూర్చునేవాళ్లం. మొదటి సీజన్ 8, రెండోది 22. ఏడు నెలలు పట్టింది. అమ్మకి ఇంగ్లీష్ రాదు. మొదటి ఎపిసోడ్‌లో లారా తల్లి భర్తతో ఫోన్లో మాట్లాడుతుంటుంది. అవతల ఆయన దగ్గరికి షెరీఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి, వస్తాడు. కూతురు పోయిందని నోటితో చెప్పకముందే ఆయన చేతిలోంచి ఫోన్ జారుతుంది. కెమెరా వైరు వెంట కిందికి దిగుతుంది. ఆ ఫోన్లోంచి తల్లి ఏడుపు. మర్నాటి కూరకి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. ఆ తర్వాత ప్రతి వారం ఒకటే అడిగేది, “ఆ తల్లి ఎట్లుంది?” అని.

వ్యాఖ్యాత: సార్, అంత పేరొచ్చిన కథ రెండో సీజన్‌లో ఎందుకు జారిపోయింది?

ఎడిటర్: సగం పాపం టైమ్ స్లాట్‌ది. 1990 సెప్టెంబర్ 30, ఆదివారం మొదలుపెట్టి, ఆ వెంటనే శనివారం రాత్రికి మార్చారు. ఇలాంటివి చూసే కుర్రకారు ఆ టైమ్‌కి ఇంట్లో ఉంటారా? 1991 ఫిబ్రవరిలో దాన్ని ప్రసారం చేసే అమెరికన్ ఛానల్ ఏబీసీ ఆపేస్తే అభిమానులు ఉత్తరాలు రాసి రాసి మళ్లీ తెప్పించుకున్నారు. ఇక హంతకుణ్ణి బయటపెట్టడమే తప్పంటారు చాలామంది. నేను ఒప్పుకోను. జనం మొదటి సీజన్ మొదలైన ఏప్రిల్ నుంచి ఎదురుచూస్తున్నారండీ! జీడిపాకంలా సాగదీస్తే ఎంత విసుగో నాకు రోజూ ఎడిట్ రూమ్‌లో తెలుస్తూనే ఉంటుంది.

రచయిత్రి: సాగదీయడం వేరు సార్, నిదానం వేరు. రెండో సీజన్ మొదలవగానే, లారా కేసు దర్యాప్తు చేసే ఎఫ్‌బీఐ ఏజెంట్ కూపర్ తూటా దెబ్బ తిని నేల మీద పడి ఉంటాడు. ముసలి వెయిటర్ పాలు తెస్తాడు. డాక్టర్‌ని పిలవడు, బిల్లు మీద సంతకం పెట్టించుకుంటాడు. వెళ్తాడు, తిరిగొస్తాడు, బొటనవేలు ఎత్తి చూపిస్తాడు, మళ్లీ వెళ్తాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడో ఎపిసోడ్‌లో అదే ముసలాయన బార్ హాల్లో కూపర్ టేబుల్ దగ్గరికొచ్చి, చాలా బాధగా ఉందని ఒక్క మాట అంటాడు. అప్పటికే ఇంకో ఇంట్లో ఇంకో పిల్ల ప్రాణం పోయింది. హాల్లో ఎవరికీ తెలియదు, అయినా ఒకమ్మాయికి ఏడుపు ఆగదు. మొదట ఆ పాలగ్లాసు దగ్గర అంతసేపు కూర్చోబెట్టారు కాబట్టే ఆ మాట గుండెకి తగిలింది.

వ్యాఖ్యాత: బయటపెట్టమని పట్టుబట్టింది ఛానలే కదా?

రచయిత్రి: అవును. సీరియల్ సృష్టికర్తల్లో ఒకడైన డేవిడ్ లించ్‌కి ఇష్టం లేదు, బంగారు గుడ్లు పెట్టే బాతును కోసేశారని బాధపడేవాడు. యూనిట్‌లో కూడా గుట్టు బయటికి పొక్కకూడదని ఆ హత్య సీన్‌ని వేరే నటులతోనూ తీసి పెట్టుకున్నారు. కానీ నా బాధ బయటపెట్టినందుకు కాదు. తొమ్మిదో ఎపిసోడ్‌లో హంతకుడు దొరికిపోతాడు. ఇంకా 13 మిగిలాయి. వాటిలో చదరంగం ఎత్తులు వచ్చాయి, అందాల పోటీ వచ్చింది. లారా కోసం ఏడ్చేవాళ్లేరీ? హంతకుడు దొరికాడని కన్నతల్లికి కడుపుకోత తీరిపోతుందా?

ఎడిటర్: అది మాత్రం ఒప్పుకుంటా మేడమ్. రన్‌టైమ్ ఎక్కువైతే మేమూ ముందు కోసేది ఏడుపు సీన్లనే. ఇక మీదట ఆలోచించి కోస్తాను.

వ్యాఖ్యాత: మరి మీ అమ్మగారు చివరిదాకా చూశారా?

ప్రేక్షకురాలు: మధ్యలో కొన్ని వారాలు లేచెళ్లి పడుకుంది. “ఆ తల్లే రాదు, నాకేం చూపిస్తవే” అంది. అప్పట్లో 1991 జూన్ 10న వచ్చిన ఈ సీజన్ ఆఖరి ఎపిసోడ్‌కి బతిమాలి కూర్చోబెట్టాం. ఎర్ర తెరల గది వచ్చినా పట్టించుకోలేదు. డైనర్‌లోకి ఆవిడ రాగానే మాత్రం కళ్లజోడు సర్దుకుంది. కాసేపే ఉంటుంది ఆ సీన్. గొంతు కూడా ఆవిడది కాదు, లోపల ఇంకెవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. అమ్మ టీవీ దగ్గరకి జరిగి, “ఎంత చిక్కిపోయిందే” అంది.