మీటరు మీద ఎర్ర చుక్క

శ్రోతలందరికీ నమస్కారం.

మీ ఇంటి కరెంటు మీటరును ఎప్పుడైనా తేరిపార చూశారా? బిల్లు కొట్టే అబ్బాయి తప్ప దాని మొహం చూసేవాళ్లు తక్కువ. దాని మీద చిన్న ఎర్ర దీపం ఒకటి మిణుకుమంటూ ఉంటుంది. ఇవాళ నా మాటంతా ఆ చుక్క గురించే.

హైస్కూల్లో చాలా ఏళ్లు ఫిజికల్ సైన్సు చెప్పాను. పర్యావరణం, స్వచ్ఛమైన కరెంటు అనగానే మేం ఏం చేయించేవాళ్లం? చార్టు మీద పసుపు రంగు సూర్యుడు, పక్కన గాలిమర, కింద ఒక నినాదం. ఆ తర్వాత ర్యాలీ. పిల్లలు గొంతు చించుకుని అరిచేవాళ్లు. తీరా "యూనిట్ అంటే ఏమిట్రా?" అని అడిగితే, "బిల్లులో ఉంటుంది సార్" అనేవాళ్లు. తప్పు వాళ్లది కాదు, నాది. తూకం తెలియనివాడికి పొదుపు గురించి ఎంత చెబితే ఏం ఎక్కుతుంది?

ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్లల్ని బడి వరండాలో మీటరు ముందు నిలబెట్టాను. మీటరు మీద ఇంగ్లీషులో ఐ, ఎం, పి అని మూడు అక్షరాలు, వాటి దగ్గర ఒక అంకె ఉంటాయి. మా బడి మీటరు మీద 3200 అని ఉంది. అంటే ఆ చుక్క 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ ఖర్చయినట్టు. వెయ్యి వాట్ల హీటరు గంటసేపు కాలితే ఒక యూనిట్. శక్తిని కొలిచే చిన్న కొలత జౌలు; ఆ జౌళ్లలో చెబితే యూనిట్‌కు 36 లక్షలు. దాన్ని 3200తో భాగించమన్నాను. ఒక్క మిణుకుకు 1125 జౌళ్లు వచ్చింది.

1125 జౌళ్లంటే ఎంత? 25 కిలోల బియ్యం బస్తాను నాలుగున్నర మీటర్ల ఎత్తుకు, అంటే ఒకటిన్నర అంతస్తు పైకి ఎత్తడానికి పట్టేంత. ఒక్క మిణుకుకు ఒక్క బస్తా. యూనిట్‌కు 3200 బస్తాలు.

రైసు మిల్లులో హమాలీ కొడుకు ఒకడుండేవాడు మా క్లాసులో. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "మా నాన్న రోజంతా మోసినా అన్ని మొయ్యలేడు సార్" అన్నాడు. అంత పని మనకు కొద్ది రూపాయలకు దొరుకుతోంది. నా ముప్పై చార్టులు చెప్పలేని ముక్క వాడు చెప్పేశాడు.

ఇక ఇంటిపని. రాత్రి ఇంట్లో అన్నీ ఆపి, ఫ్రిజ్ కూడా కాసేపు ఆపి, ఒక్క ఫ్యాను మాత్రం ఫుల్ స్పీడులో తిప్పండి. రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లు? 1125ను ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. ఒక్కసారి చూస్తే తప్పు పోవచ్చు. పది మిణుకులకు పట్టిన సమయం చూసి పదితో భాగిస్తే మేలు. ఒకమ్మాయికి సరిగ్గా 15 సెకన్లు వచ్చింది. 75 వాట్లు, మామూలు పాత ఫ్యాను. కొత్తగా వస్తున్న, తక్కువ కరెంటు తినే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్లు 28, 30 వాట్లకే తిరుగుతాయి. అక్కడ చుక్క దాదాపు 40 సెకన్లకోసారి మిణుకుమంటుంది.

అదే అమ్మాయి మర్నాడు ఇంకో సంగతి మోసుకొచ్చింది. "సార్, అన్నీ ఆపేశాను. అయినా మిణుకుతోంది!" ఎంతసేపటికోసారి? నిమిషం 52 సెకన్లకు. లెక్క వేస్తే పది వాట్లు. దొంగ ఎవరంటే, టీవీ ఆపినా ప్లగ్గులోనే ఉన్న సెట్‌టాప్ బాక్సు. పది వాట్లే కదా అంటారా? పగలూ రాత్రీ కలిపి నెలకు ఏడు యూనిట్లు. వాళ్లమ్మ మాత్రం, "మాస్టారూ, మీ పాఠం పుణ్యమా అని సీరియల్ మధ్యలో ప్లగ్గు పీకేసింది" అని నా మీద విరుచుకుపడింది.

కొలవడం వచ్చాక పిల్లలే సోలార్ దగ్గరికి నడిచొచ్చారు. "డాబా మీద ప్యానెల్ పెడితే రాత్రి ఫ్యాను తిరుగుతుందా సార్?" ఆ 75 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 600 వాట్ అవర్లు, అంటే యూనిట్‌లో సగానికి కాస్త పైన. మన ఎండలకు ఒక కిలోవాట్ ప్యానెల్ మంచి రోజున నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. లెక్కకు సరిపోయింది. కానీ ఎండ పగలు, ఫ్యాను రాత్రి! మరి దాచేదెలా?

అప్పుడు శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రం గురించి చెప్పాను. భూగర్భంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరున్నాయి. కిందికి దూకే నీళ్లతో కరెంటు తీస్తాయి. కరెంటు మిగిలినప్పుడు అవే యంత్రాలు వెనక్కి తిరిగి కింది నీళ్లను మళ్లీ జలాశయంలోకి తోడనూగలవు. "అంటే బస్తాలు పైకెత్తి ఉంచుకోవడమే కదా సార్" అన్నాడు హమాలీ కొడుకు. నేనింకేం చెప్పను!

వినే టీచర్లకు, తల్లిదండ్రులకు ఒక్కటే కోరిక. చార్టు తర్వాత గీయిద్దాం. ముందు ఆ చుక్కను లెక్కపెట్టించండి. దూరం నుంచి చూడటమే. మీటరు మీద చెయ్యి వేయకూడదు, వైర్లు ముట్టకూడదు, తడి నేల మీద నిలబడకూడదు. ముందుగా మీటరు మీది అంకె చూసుకోమనండి. కొన్నింటి మీద 1600 ఉంటుంది. అప్పుడు ఒక్క మిణుకుకు 2250 జౌళ్లు. అంటే రెండు బస్తాలు.