పబ్లిక్ పాలసీ మాస్టర్స్ రివ్యూ: రెండు పేజీల మెమో కోసం రెండేళ్లు

అందరికీ నమస్కారం. కావలి నుంచి మాట్లాడుతున్నాను. మొదటే ఒక విషయం చెప్పేస్తా. ఈ వీడియో చేయమని ఒక ఆన్‌లైన్ కాలేజీ వాళ్లు అడిగారు. వాళ్ల పబ్లిక్ పాలసీ (ప్రభుత్వ నిర్ణయాలు ఎలా తయారవుతాయో నేర్పే చదువు) మాస్టర్స్‌లో మొదటి టర్మ్ నాకు ఫ్రీగా ఇచ్చారు. డబ్బులేమీ తీసుకోలేదు. పబ్లిష్ చేసే ముందు వీడియో తమకు చూపించమన్నారు, కుదరదని చెప్పాను.

ఫీజులు, క్రెడిట్లు, ఎంట్రన్స్ సిలబస్ మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో ఎంపీపీ, అంటే మాస్టర్ ఆఫ్ పబ్లిక్ పాలసీ, 2014 నుంచి ఉందని, హైదరాబాద్‌లో గీతం యూనివర్సిటీ వాళ్ల కౌటిల్య స్కూల్ 2021లో మొదలైందని, ఐఐటీ బొంబాయి, ఢిల్లీల్లో కూడా ఈ డిగ్రీ ఉందని మీకు తెలుసు. వాటి జోలికి పోను. నేను ఇదే డిగ్రీ రెండేళ్లు క్యాంపస్‌లో ఉండి చదివాను. ఇప్పుడు ఈ ఆన్‌లైన్ కోర్సు మూడు నెలలు చేశాను. రెండింటినీ ఒకే ఒక్క విషయంతో కొలుస్తాను. అది మెమో.

మెమో అంటే రెండు పేజీల కాగితం. నిర్ణయం తీసుకునే మనిషికి రాసేది. సమస్య ఏంది, చేయగలిగిన పనులు ఏవి, ఒక్కోదానికి ఖర్చెంత, ఎవరికి లాభం, ఎవరికి నష్టం, చివరికి మీరేం చేయమంటారు. ఇంతే. వినడానికి చిన్నదిగా ఉంటుంది కానీ, నా రెండేళ్ల చదువులో నన్ను మార్చింది ఇదొక్కటే.

మొదటి ఏడాది రెండో టర్మ్‌లో మా సార్ ఒక మెమో ఇచ్చారు. "ఇప్పుడు 1996. మీరు ఆంధ్రప్రదేశ్ ఆర్థిక శాఖలో అధికారి. మద్యనిషేధం ఉంచాలా, ఎత్తేయాలా? ముఖ్యమంత్రికి రెండు పేజీల్లో రాయండి." నాకు ఒక్కసారిగా గుండె వేగంగా కొట్టుకుంది. ఎందుకంటే మా అమ్మమ్మ వాళ్ల ఊరు కలిగిరి మండలం. సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన దూబగుంట అక్కడికి దగ్గరే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్తాను. ఎంపీపీకి ముందు నేను ఏడాది పాటు గ్రూప్స్ కోచింగ్ తీసుకున్నాను, దాని రివ్యూ కూడా చేశాను. అక్కడ దూబగుంట అంటే ఒక బిట్. సారా వ్యతిరేక ఉద్యమం ఏ జిల్లా? నెల్లూరు. ఏ సంవత్సరం? 1992. ఉద్యమాన్ని ముందుండి నడిపిన రోశమ్మ గారిది ఏ ఊరు? దూబగుంట. టిక్ పెట్టడం, తర్వాతి బిట్‌కి పోవడం. ఆ ఉద్యమం ఎందుకు గెలిచిందని ఏడాదంతా ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

మెమో రాశాను. మహిళా సాధికారత, సామాజిక స్పృహ, అన్నీ పెద్ద పెద్ద మాటలు పెట్టాను. కాగితం తిరిగొచ్చింది. కింద ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న: "ఇది చదివాక ముఖ్యమంత్రి సోమవారం పొద్దున ఏం చేయాలి?" మార్కులు కూడా వేయలేదు, మళ్లీ రాసి తెమ్మన్నారు.

ఆ రాత్రి అమ్మమ్మకి ఫోన్ చేశాను. అక్షరాస్యత తరగతులకి వెళ్లి, తర్వాత సారా కొట్టు ముందు కూర్చున్న ఆడవాళ్లలో ఆమె ఒకరు. అమ్మమ్మా, సారా ఆగిపోయింది కదా, మరి మద్యనిషేధం ఎందుకు నిలవలేదు అని అడిగాను. ఆమె ఏమందంటే, "సారా కొట్టు ఊర్లోనే ఉండింది, మేం కాపలా కాసినాం. బ్రాందీ రాత్రిపూట బండ్ల మీద వచ్చేది. దానికి ఎవరు కాపలా కాస్తారమ్మా?"

నేను పుస్తకాల్లో వెతుకుతున్నదంతా ఈ మాటలో ఉంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు, సారా మీద నిషేధం మాత్రం ఉంచారు. ఎందుకు? ఖజానాకి ఆదాయం పోయిందనేది ఒక కారణం. పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు వచ్చిందనేది ఇంకొకటి. ఇవి అన్నిచోట్లా రాస్తారు. నేను అర్థం చేసుకున్నది మాత్రం ఇది: ఊర్లో కొట్టు మూయించడానికి ఊరి ఆడవాళ్లు చాలు, రాష్ట్ర సరిహద్దులు మూయడానికి చాలరు. చట్టం రాసేటప్పుడే దాన్ని ఎవరు అమలు చేస్తారో, వాళ్ల చేతిలో ఏముందో చూడాలి. రెండో మెమోలో ఇదే రాశాను. సంపూర్ణ నిషేధం ఎత్తేసి, సారా నిషేధం ఉంచి, ఊర్లో మద్యం దుకాణం వద్దని చెప్పే అధికారం గ్రామసభకి ఇవ్వమన్నాను. సార్ దాని మీద కూడా మూడు చోట్ల ఎర్ర గీతలు పెట్టారు, కింద "ఇప్పుడు చదవొచ్చు" అని రాశారు. ఆ కాగితం ఇదిగో, ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

జాన్ కింగ్‌డన్ అని ఒక అమెరికా ప్రొఫెసర్ రాసిన పుస్తకం ఉంది. సమస్య, పరిష్కారం, రాజకీయం మూడు పాయలుగా పారుతుంటాయని, అవి కలిసినప్పుడే ప్రభుత్వం కదులుతుందని ఆయన సిద్ధాంతం. చదివినప్పుడు బుర్రకెక్కలేదు. దూబగుంటకి పెట్టి చూసుకుంటే అర్థమైంది. తాగుడు కొత్త సమస్య కాదు. అక్షరాస్యత తరగతులు ఆడవాళ్లని ఒకచోట చేర్చాయి, సారా వేలంపాటలు ఆపాలనే డిమాండ్ పుట్టింది, 1994 ఎన్నికలు దాన్ని సంపూర్ణ మద్యనిషేధం దాకా తీసుకెళ్లాయి.

సరే, ఇప్పుడు ఈ ఆన్‌లైన్ కోర్సు. వీడియోలు బాగున్నాయి, ఆ మాట నిజం. స్టాటిస్టిక్స్ పాఠాలైతే మా క్యాంపస్‌లో కంటే నిదానంగా చెప్పారు. నాలాగా పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లకి వెనక్కి తిప్పి మళ్లీ వినే వీలుండటం పెద్ద సాయం. కానీ మెమో దగ్గర నాకు చాలా కోపం వచ్చింది.

టాపిక్ లండన్‌లో 2003లో పెట్టిన రద్దీ ఛార్జీ, అంటే ఊరి నడిబొడ్డుకి వచ్చే వాహనాల మీద వేసే రుసుము. మంచి కేసే, కాదనను. నేను ఒక పరీక్ష పెట్టాను. మొదటిసారి కావాలనే నా పాత పద్ధతిలో రాశాను. పెద్ద మాటలు, ఖర్చు లేదు, సిఫారసు లేదు. 10కి 8 వచ్చింది. రెండో మెమో పద్ధతిగా, లెక్కలతో, ఎవరికి నష్టమో చెప్పి రాశాను. మళ్లీ 8. రెండిటి కిందా ఒక్క వాక్యం లేదు. ఏం తప్పు చేశానో చెప్పండని సపోర్ట్‌కి మెయిల్ పెడితే "మీ అసెస్‌మెంట్ పూర్తయింది" అని జవాబు. ఎవరైనా చదివారా అని అడిగాను. దానికి జవాబే లేదు.

అందుకే నా మాట సూటిగా చెప్తాను. ఈ ఆన్‌లైన్ కోర్సుకి ఫీజు కట్టొద్దు. ఎర్ర సిరా లేని పాలసీ డిగ్రీ నాకు డిగ్రీగా అనిపించలేదు. క్యాంపస్‌లో సీటు, దాంతోపాటు స్కాలర్‌షిప్ వస్తే కళ్లు మూసుకుని చేరండి. అప్పు చేసి చేరాల్సి వస్తే కొంచెం ఆగండి. మా నాన్న లాగే మీ నాన్న కూడా "ఇది చదివితే ఏ ఉద్యోగం వస్తుంది" అని అడుగుతారు, అది న్యాయమైన ప్రశ్న. పరిశోధన సంస్థలు, కన్సల్టింగ్ కంపెనీలు, ప్రభుత్వ ప్రాజెక్టులు ఉన్నాయి, కానీ ఎక్కువ ఢిల్లీ, బెంగళూరు, హైదరాబాద్‌లోనే. ముందు ఈ పని నచ్చుతుందో లేదో చూసుకోవాలంటే ఎంపీలతో పనిచేసే లాంప్ ఫెలోషిప్‌కి అప్లై చేయండి. ఏ డిగ్రీ అయినా చాలు, వయసు మాత్రం 25 దాటకూడదు.

ఒకటి మాత్రం నేను చేయగలను. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు కావచ్చు, కొండపి పొగాకు వేలం కావచ్చు, మీ వీధి మురుగు కాలువే కావచ్చు. రెండు పేజీలు, తెలుగులోనే రాసి పంపండి. ఎవరికి రాస్తున్నారో పైన పెట్టండి, కలెక్టరా, సర్పంచా, ఎమ్మెల్యేనా అని. వారానికి ఐదు చదవగలను, అంతకంటే ఎక్కువైతే ఆలస్యమవుతుంది. చదివిన ప్రతి కాగితం మీద ఎర్ర సిరాతో రాసి, ఫొటో తీసి వెనక్కి పంపిస్తాను.