పొయ్యి కంటే ముందు, పడవలో

శ్రోతలకు నమస్కారం.

చేపల పులుసు రుచంతా పొయ్యి దగ్గరే ఉందని మన గోదావరి జిల్లాల్లో గట్టి నమ్మకం. చింతపండు కొత్తదా పాతదా, మట్టి దాకలోనా సత్తుగిన్నెలోనా, రాత్రి వండింది పొద్దున తింటే ఎలా ఉంటుంది... వీటి మీద ఎంతసేపైనా వాదించుకుంటాం. నీళ్ళలోంచి తీశాక మొదటి పది నిమిషాల్లో ఆ చేపను ఏం చేశారని మాత్రం అడగం. ఈరోజు ఆ పది నిమిషాల గురించే చెబుతాను.

మా మేనల్లుడికి గాలం పిచ్చి. హైదరాబాద్‌లో ఉద్యోగం, సెలవు దొరికితే అంతర్వేది. పోయిన సంక్రాంతికి కారు మీద కయాక్ ఒకటి కట్టుకుని దిగాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, కయాక్ అంటే ఒక్క మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునే సన్నటి పడవ. తెడ్డుకి రెండు కొసలా రెక్కలుంటాయి. వాణ్ణి ఒంటరిగా పంపడానికి మా అక్క ససేమిరా అంది. దాంతో చిన్నప్పట్నుంచీ వేటే బతుకుగా ఉన్న పెద్దాయన ఒకరు తన నావ వేసుకుని పక్కనే వచ్చారు. ఆ నావలో నేను.

వశిష్ఠ గోదారి సముద్రంలో కలిసే మొగకి కాస్త ఎగువన, మడచెట్ల ఓరన ఉన్నాం. పోటు నిలిచి పాటు మొదలవుతోంది. గాలం ఒక్కసారిగా లాగింది. పండుగప్ప! నీళ్ళలోంచి పైకెగిరి, తల విదిలించి, మళ్ళీ పడింది. మావాడు సరదాగా దాన్ని అటూ ఇటూ ఆడిస్తున్నాడు. పెద్దాయనకి చిరాకేసింది.

"ఎంతసేపు పరిగెత్తిస్తావు అబ్బాయ్? ముక్క పాడైపోద్ది. లాగెయ్!"

ఆ మాటలో నిజముంది. పెనుగులాడిన కొద్దీ చేప ఒంట్లో సత్తువంతా ఖర్చయిపోతుంది, కండలో ఆమ్లం పేరుకుంటుంది. అలాంటి చేప చచ్చాక తొందరగా బిగుసుకుపోతుంది, తొందరగా మెత్తబడిపోతుంది కూడా.

సరే, కయాక్ పక్కకి తెచ్చాడు. ఎత్తడానికి మొప్ప కింద వేళ్ళు దూర్చబోయాడు. "చెయ్యి తియ్యి!" అని ఒక్క కేక. పండుగప్ప మొప్ప మీది డిప్ప ఉందే, దాని అంచు అచ్చం బ్లేడే. తల ఒక్కసారి విదిలిస్తే వేళ్ళు తెగుతాయి. పెద్దాయన చిన్న వలబుట్టతో చేపను నావలోకి తీసుకుని, తడి తువ్వాలు దాని కళ్ళ మీద కప్పారు. అంత ఎగిరే చేప ఠక్కున నెమ్మదించింది. కళ్ళకి కొంచెం వెనకగా, నడినెత్తిన, చిన్న దుడ్డుకర్రతో ఒకే ఒక్క దెబ్బ. ఒళ్ళంతా సన్నగా వణికింది, రెక్కలు విచ్చుకున్నాయి, కదలిక ఆగిపోయింది.

అప్పుడు తీశారు కత్తి. చేపను వెల్లకిలా తిప్పి, రెండు మొప్పలూ గొంతు కింద కలిసేచోట మొన దించి అడ్డంగా కోశారు. మొప్ప డిప్పను కత్తి మొనతోనే పైకెత్తి, లోపలున్న ఎర్రటి మొప్పల వరసలు కూడా రెండు పక్కలా తెంపారు. తలకిందులుగా బకెట్ నీళ్ళలో పెట్టారు. చూస్తుండగానే నీళ్ళు ఎర్రబడ్డాయి. పారబోసి కొత్త నీళ్ళు పోశారు. మళ్ళీ ఎర్రబడ్డాయి, ఈసారి కొంచెం తక్కువ.

"చచ్చిపోయింది కదండీ, ఇంకా రక్తం ఎలా వస్తోంది?" అన్నాడు మావాడు.

"తలకాయ చచ్చిందోయ్. గుండె చావలేదు. ఆ కొట్టుకునేదే నెత్తురు బయటికి తోస్తది. అది ఆగాక నువ్వెంత కోసినా లాభం లేదు."

నేను ఈరోజు చెప్పదలచుకున్నది ఇంతే. ముందు దెబ్బ, వెంటనే కోత. గుండె ఆడుతుండగానే కోత. చేప గుండె గొంతు కింద, మొప్పలకి దగ్గరలోనే ఉంటుంది. దెబ్బ తిన్న తర్వాత కూడా కొన్ని నిమిషాలు ఆడుతుంది. ఆ కొన్ని నిమిషాలే మన చేతిలో ఉన్నవి. దెబ్బ ముందు ఎందుకంటే, స్పృహ ఉన్న చేపను కోయడం నాకు మనసొప్పదు. పైగా ఎగిరే చేప మీద కత్తి పెడితే తెగేది మన చెయ్యే.

చేప ఒంట్లో రక్తం నిజానికి తక్కువ. కానీ ఆ కాస్తా కండలో నిలిచిపోతే కొవ్వు తొందరగా ముక్కిపోతుంది, రక్తంలోని ఇనుము వల్ల. సూక్ష్మజీవులకి అదే మేత. ముక్క ఎర్రగా మచ్చలు పడుతుంది, నీచు పెరుగుతుంది. వెన్నుముల్లు కింద నల్లటి చార కనిపిస్తుంది చూడండి, అది మాత్రం గడ్డకట్టిన రక్తం కాదు, చేప మూత్రపిండం. కడిగేటప్పుడు వేలితో గోకి తీసేయండి.

వలవేటలో ఇదంతా కుదరదు. పులసనే తీసుకోండి, వలలో పడ్డ కాసేపటికే చచ్చిపోతుంది. గాలం వేసేవాడికి చేప ఒక్కొక్కటిగా, ప్రాణంతో చేతికొస్తుంది. అంత అవకాశం ఉండి కూడా చేపను పడవ అడుగున ఎండలో కొట్టుకుంటూ చావనిస్తే ఏమనాలి?

ఇక ఐసు. రక్తం పోయాక చేపను తాడుకి కట్టి నీళ్ళలో వేలాడేయకండి. మన మొగల్లో నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, పీతలు కూడా వదలవు. థర్మాకోల్ పెట్టెలో ఐసు దంచి వేసి, దాంట్లో ఉప్పునీళ్ళు పోసి జావలా చేయండి. ఉత్త ఐసు గడ్డలు చేపకి అక్కడక్కడే తగులుతాయి, జావ అయితే చుట్టూ పట్టుకుంటుంది. ఉప్పు వల్ల చల్లదనం కూడా పెరుగుతుంది. కొన్ని రోజులు మొగ దగ్గర కూడా నీళ్ళు తియ్యగానే ఉంటాయి, అందుకని రాళ్ళుప్పు పొట్లం ఒకటి దగ్గరుంచుకోండి. వరద రోజుల్లో మాత్రం, గోదారి ఎర్రగా పారుతున్నప్పుడు, దయచేసి కయాక్ దింపకండి.

మధ్యలో ఇంకో మాట. పండుగప్ప మగచేపగా ఎదిగి, బాగా పెద్దయ్యాక ఆడదిగా మారుతుంది. అంటే మరీ పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టేవే. ఒక్కదాన్ని వదిలేస్తే పోయేదేం లేదని నా అభిప్రాయం. వదిలేటట్లయితే చేతులు తడుపుకుని పట్టుకోండి, ఒంటి మీది జిగురు పోకుండా.

కయాక్‌లో చోటుండదు కాబట్టి దుడ్డుకర్ర, కత్తి, తువ్వాలు, బకెట్ అన్నీ గాలం వేయకముందే చేతికందేలా పెట్టుకోవాలి. కత్తికి తాడు కట్టాలి, లేదంటే మొదటి చేపకే అది గోదారి పాలు. కోత బకెట్ మీదే, రెండు కాళ్ళ మధ్య. పక్కకి ఒరిగి కోశారో, చేపతోపాటు మీరూ నీళ్ళలోనే. లైఫ్ జాకెట్ సంగతి చెప్పక్కర్లేదనుకుంటా.

జెల్ల పడితే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. ముందు దాని వీపు ముల్లు, రెండు పక్క ముళ్ళు ఎటున్నాయో చూసుకుని, పటకారుతో గాలం తప్పించండి. ముల్లు గుచ్చుకుంటే ఒడ్డుకొచ్చి, ఒళ్ళు కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో చెయ్యి ఉంచి, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళండి.

నమస్కారం.