హైవే పొడవునా ఒక నియోజకవర్గం

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. షార్లెట్‌లోనూ, రాలీ పక్కనున్న కేరీలోనూ మన తెలుగువాళ్లు బాగానే స్థిరపడ్డారు. ఆ రాష్ట్రంలోని పన్నెండో కాంగ్రెస్ నియోజకవర్గం కథ ఇవాళ చెబుతాను. కాంగ్రెస్ అంటే అక్కడి పార్లమెంటు. మన లోక్‌సభ స్థానంలాంటిదే ఇదీను. తేడా ఒక్కటే. మనకు హద్దులు గీసేది డీలిమిటేషన్ కమిషన్. అక్కడ గీసేది ఆ రాష్ట్ర శాసనసభే. అంటే అందులో మెజారిటీ ఉన్న పార్టీ. ఆ బిల్లును గవర్నరు కూడా ఆపలేరు.

పదేళ్లకోసారి జనాభా లెక్కలు వస్తాయి, రాష్ట్రాల సీట్లు పెరుగుతాయి, తగ్గుతాయి. 1960 లెక్కల తర్వాత నార్త్ కరోలినాకు ఒక సీటు పోయింది. పడమటి కొండల్లో ఉండే పాత పన్నెండో స్థానం అలా మాయమైంది. 1990 లెక్కల తర్వాత ఆ సీటు తిరిగొచ్చింది. మరి కొత్త పన్నెండును ఎక్కడ పెట్టాలి?

ఇక్కడ ఒక్క సంగతి మనసులో ఉంచుకోండి. ఆ రాష్ట్రంలో అయిదుగురిలో ఒకరికి పైగా నల్లజాతివారు. కానీ 1900లో అక్షరాస్యత పరీక్ష, ఓటు పన్ను పెట్టి వాళ్ల ఓటు లాగేసుకున్నారు. 1901లో జార్జ్ హెన్రీ వైట్ పదవి దిగాక, ఆ రాష్ట్రం నుంచి నల్లజాతి సభ్యుడు ఒక్కరూ కాంగ్రెస్‌లో అడుగుపెట్టలేదు. తొంభై ఏళ్లు. ఒక్కరూ లేరు.

శాసనసభ నల్లజాతి ఓటర్లు ఎక్కువగా ఉండే స్థానం ఒకటి గీసి పంపింది. కేంద్ర న్యాయశాఖ ఓటు హక్కుల చట్టం కింద అభ్యంతరం చెప్పింది, రెండోది కూడా గీయవచ్చు కదా అంది. న్యాయశాఖ చూపు ఆగ్నేయం వైపు ఉంది. శాసనసభ మాత్రం ఆ రెండోదాన్ని, అంటే మన పన్నెండును, తీసుకెళ్లి ఐ-85 హైవే మీద పెట్టింది.

నిజంగానే హైవే మీద పెట్టింది! గస్టోనియా, షార్లెట్ నుంచి డరమ్ దాకా నూట అరవై మైళ్లు. దారానికి పూసలు గుచ్చినట్టు ఊరికొక నల్లజాతి పేట. పేటకూ పేటకూ మధ్య చాలాచోట్ల రోడ్డు వెడల్పు తప్ప మరేమీ లేదు. ఒక కౌంటీలో, అంటే మన జిల్లాలాంటి దాంట్లో, ఉత్తరానికి పోయే కార్లు ఒక నియోజకవర్గంలో ఉంటే, అదే రోడ్డు మీద దక్షిణానికి వచ్చే కార్లు మరోదాంట్లో ఉంటాయి. పక్క కౌంటీలోకి వెళ్లగానే అటుదిటు, ఇటుదటు. రెండు తలుపులూ తెరుచుకుని ఆ హైవే మీద కారు నడిపితే నియోజకవర్గంలో సగానికి పైగా జనాన్ని గుద్దేస్తాం అని ఒక శాసనసభ్యుడే అన్నాడు. ఆ మాట సుప్రీంకోర్టు తీర్పులోకి కూడా ఎక్కింది.

1992లో ఈ పన్నెండు నుంచి మెల్ వాట్ గెలిచారు. ఒకటో స్థానం నుంచి ఈవా క్లేటన్. ఇద్దరూ నల్లజాతివారే. ఆ గీత వంకరగానే ఉంది, ఒప్పుకుంటాను. కానీ తొంభై ఏళ్లుగా మూసి ఉన్న తలుపు తెరిచింది ఆ వంకర గీతే.

డరమ్‌లో కొందరు ఓటర్లు కోర్టుకు వెళ్లారు. డ్యూక్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పే రాబిన్సన్ ఎవరెట్ వాదించారు. 1993లో సుప్రీంకోర్టు అయిదుగురికి నలుగురు తేడాతో, జాతిని బట్టే గీశారనిపించే గీతను సవాలు చేయవచ్చు అంది. 1996లో ఆ మ్యాప్‌నే కొట్టేసింది. శాసనసభ మళ్లీ గీసింది. డరమ్ పోయింది, నియోజకవర్గం పొట్టిదైంది. మళ్లీ కోర్టు. 2001లో అదే సుప్రీంకోర్టు, అదే అయిదు-నాలుగు తేడాతో, ఈసారి సరేనంది. ఎందుకని? ఈ గీత జాతి కోసం గీసినది అని రుజువు కాలేదు, డెమోక్రాట్ల సీటు కాపాడుకోవడానికి గీసినదై ఉండవచ్చు అని. నల్లజాతి ఓటర్లలో ఎక్కువమంది ఓటు వేసేది డెమోక్రాట్లకే మరి.

చూశారా, అదే హైవే. అవే పేటలు. ఆ మనుషులే. జాతి కోసం గీస్తే తప్పు. పార్టీ కోసం గీస్తే తప్పు కాదు.

2011లో రిపబ్లికన్లు గీశారు. ఈసారి పన్నెండులో నల్లజాతి ఓటర్ల వాటాను 43.8 శాతం నుంచి 50.7 శాతానికి పెంచారు. వాళ్లందర్నీ ఒకే చోట కుక్కితే చుట్టుపక్కల సీట్లు రిపబ్లికన్లకు తేలికవుతాయి. 2016లో కింది కోర్టు, 2017లో సుప్రీంకోర్టు అది జాతి కోసం గీసినదేనని తేల్చి కొట్టేశాయి. దాంతో హైవే నియోజకవర్గం ముగిసింది. పన్నెండు షార్లెట్ చుట్టూ మెక్లెన్‌బర్గ్ కౌంటీలోకి ఒదిగిపోయింది. గ్రీన్స్‌బరోలో ఉండే అప్పటి సభ్యురాలు ఆల్మా ఆడమ్స్ షార్లెట్‌కు మకాం మార్చారు.

మరి వెనక మిగిలిన గ్రీన్స్‌బరో? అక్కడ నార్త్ కరోలినా ఏ అండ్ టీ విశ్వవిద్యాలయం ఉంది. 1960 ఫిబ్రవరి 1న నలుగురు నల్లజాతి విద్యార్థులు ఉల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్లకే వడ్డించే భోజన కౌంటర్ దగ్గర కూర్చుని లేవలేదే, ఆ విద్యార్థులు చదివింది ఇక్కడే. 2016 మ్యాప్‌లో గీత ఈ క్యాంపస్ మధ్యలోంచే పోయింది. ఒక హాస్టల్ ఆరో స్థానంలో, ఒక హాస్టల్ పదమూడో స్థానంలో. రెండు చోట్లా రిపబ్లికన్లే గెలిచారు. 2019లో సుప్రీంకోర్టు, పార్టీ కోసం గీసిన గీతల జోలికి ఫెడరల్ కోర్టులు, అంటే కేంద్ర కోర్టులు, రావు అని చెప్పేసింది. చివరికి రాష్ట్ర కోర్టులో గెలిచాకే, 2020 ఎన్నికల నాటికి క్యాంపస్ మళ్లీ ఒక్కటైంది. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే.

ఇక అక్కడ పౌరసత్వం తీసుకుని ఓటు వేసే మీవాళ్లకు చెప్పాల్సిన మాట ఒకటుంది. 2016 మార్చి ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే తొలి ఎన్నికలో, బ్యాలెట్ల మీద కాంగ్రెస్ అభ్యర్థుల పేర్లు ఉన్నాయి. జనం ఓటు వేశారు కూడా. మ్యాప్ మారిపోయింది కాబట్టి ఆ ఓట్లు లెక్కలోకి రాలేదు, జూన్‌లో మళ్లీ పెట్టారు. ఆ తర్వాత 2020కి ఒక మ్యాప్, 2022కి ఒకటి, 2024కి ఇంకొకటి. ఇల్లు మారకపోయినా నియోజకవర్గం మారుతోంది. అందుకే ప్రతి ఎన్నికకూ ముందు రాష్ట్ర ఎన్నికల బోర్డు వెబ్‌సైట్‌లో తమ పేరు వెతికి, నియోజకవర్గం నంబరు, నమూనా బ్యాలెట్ చూసుకోమనండి. మన పిన్ కోడ్ లాంటి జిప్ కోడ్ ఒక్కటే నమ్ముకోవద్దనండి. ఒకే జిప్ కోడ్ రెండు నియోజకవర్గాల్లోనూ ఉండొచ్చు. ఇంటి నంబరు, వీధి పేరుతో సహా చూసుకోవాలి.

నమస్కారం.